ఆపరేషన్ గ్రీకు పెంకు

పాల్ శవం బందరు కాలువలో తేలింది. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి.

పటమటలో కొరియర్ ఆఫీసు బోర్డు వెనక ఉన్న సీక్రెట్ వింగ్ గదిలో ఏజెంట్ జోయెల్ పళ్లు బిగించి కూర్చున్నాడు. పాల్, అతను ఒకే బ్యాచ్.

"ఏడుపులు తర్వాత. ముందు బ్రీఫింగ్ వినవయ్యా," అన్నాడు చీఫ్ సాంబశివరావు. "పామర్రు దగ్గర తవ్వకాల్లో పాత గ్రీకు జాడీల పెంకులు బయటపడ్డాయి. శుక్రవారం భవానీపురంలో ఎగ్జిబిషన్. గ్రీసు డెలిగేట్లు, స్కూలు పిల్లలు వస్తారు. అందులో ఒక పెంకు ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్. అది పాల్ ఆఖరి మెసేజ్."

"ఎగ్జిబిషన్ ఆపేద్దాం సార్."

"ఆపితే దాన్ని పెట్టిన విదేశీ ముఠా ఇంకో ఊళ్లో పేలుస్తుంది. నువ్వు కేటలాగ్ అసిస్టెంటుగా వెళ్లు. రాగిణి అక్కడే ఉంది. ముఠాలో చేరి మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్, తేగలు."

సోడాబుడ్డి కళ్లజోడు, మాసిన జీన్సుతో జోయెల్ పామర్రు తవ్వకాల క్యాంపులో దిగాడు.

"ఇక్కడ తేగలు దొరుకుతాయా అండీ?"

"ఉడకబెట్టినవి లేవండీ. కాల్చినవే," అని నవ్వింది రాగిణి. ఏథెన్స్‌లో చదివిన సెరామిక్స్ ఎక్స్‌పర్ట్. ఆ నవ్వుకే జోయెల్ సగం ట్రైనింగ్ మర్చిపోయాడు.

పని ఆమే నేర్పింది. పెంకును కడిగి, ఆరబెట్టి, లోపలివైపు నంబరు వేయాలి. అనుమానం వస్తే నాలుకకు ఆనించాలి. కాల్చిన పాత మట్టి నాలుకకు అతుక్కుంటుంది. తవ్వకాలవాళ్లకు అదో పాడలవాటు. రాగిణి ఫోన్ మాట్లాడుతూ కూడా చేతికొచ్చిన ప్రతి పెంకునూ నాలుకకు తగిలించేది.

పేలుడు పదార్థాన్ని పసిగట్టడానికి చీఫ్ ఇచ్చిన డిటెక్టర్ పెన్నును ఆమె ఒకసారి చార్జింగ్ పెట్టి తెచ్చి ఇచ్చింది. అప్పటినుంచి అది ఏ పెంకు మీద పెట్టినా ప్రమాదం లేదన్నట్టు పచ్చలైటే వెలిగింది.

శుక్రవారం కృష్ణ ఒడ్డున హాలు ముందు పిల్లలు గోలగోలగా బారులు తీరారు. లోపల రాగిణి చివరి ట్రే సర్దుతోంది. మాట్లాడుతూనే ఒక్కో పెంకునూ నాలుకకు ఆనించి అద్దాల పెట్టెలో పెడుతోంది. జాడీ పిడి ఒకటి మిగిలింది. దాన్ని మాత్రం చేతిరుమాలుతో పట్టుకుని, నోటికి దూరంగా ఉంచింది.

జోయెల్ ట్రే దగ్గరికి వచ్చాడు.

"దాన్ని చూడరేం మేడమ్?"

"టైం లేదు జోయెల్."

"ఒక్కసారి. నాకోసం."

ఆమె నవ్వు ఆరిపోయింది. "పాల్ కూడా ఇదే అడిగాడు."

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ పేలింది. జోయెల్ ఎడమ భుజం చీలిపోయింది. రాగిణి వెనక తలుపులోంచి రేవు మెట్ల మీదికి పరుగెత్తి, ముఠా మోటారు పడవలోకి దూకింది.

పిడిలోంచి బీప్‌లు మొదలై జోరందుకున్నాయి. జోయెల్ దాన్ని పట్టుకుని రేవులోకి వచ్చాడు. వెనక పిల్లలు. ముందు పడవ. అతనికి ఆమె మీద ప్రేమ ఉంది, ఆ క్షణంలో కూడా ఉంది. అయినా విసిరాడు.

కృష్ణ నీళ్లు తాటిచెట్టంత ఎత్తుకు లేచాయి. పడవ మళ్లీ కనిపించలేదు.

ఆసుపత్రికి వచ్చిన చీఫ్ మంచం పక్కన కూర్చున్నాడు. "పాల్‌ను ఆమె చేతిలో పెట్టింది నేనేనయ్యా," అని, జేబులోంచి ఒక కవరు తీశాడు. తవ్వకాల ఆఫీసు నుంచి జోయెల్‌కు వచ్చిన మెమో అది. పనివేళల్లో అనుమతి లేకుండా బయటికి పోయినందుకూ, ఒక అమూల్యమైన పురావస్తువును కృష్ణలో పారేసినందుకూ వెంటనే సంజాయిషీ ఇచ్చుకోవాలట.