నాలుగింటి నీడ

ఆదివారం పొద్దున్నే కూతురు పారా చీపురూ పట్టుకుని పెరట్లోకి దిగింది. ఇళ్ళ వెనక తోటలు, అరుగులు గీసిపెట్టే ఆఫీసులో ఆమెకు ఏడేళ్ళ అనుభవం. ఊరందరికీ గీసింది కానీ సొంత పెరడు మాత్రం ఇంకా మట్టి నేలే. ఇన్నాళ్ళకు తీరిక చిక్కింది. చిక్కడమేమిటి, నాన్న కోసం చిక్కించుకుంది.

నాన్న ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. కిందటేడు వచ్చిన చర్మ జబ్బు వల్ల ఎండ పొడ సోకితే చాలు, ఒళ్ళంతా బొబ్బలు. పెరటి వైపు గదిలో పగలల్లా పరదాలు వేసుకుని కూర్చుంటారు. "నాకేం, హాయిగా ఉన్నా" అంటారు గానీ, ఎన్నాళ్ళని అంటారు పాపం. అరుగు వేయిస్తే సాయంత్రాలైనా బయట గాలి పీలుస్తారని కూతురి ఆశ.

తీరా చూస్తే పెరడంతా పుల్లలు గుచ్చి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో రంగు గుడ్డపీలిక. అమ్మ బట్టలు కుడుతుంది కాబట్టి పీలికలకు కొదవ లేదు. "ఈవిడ సరదాలూ ఈవిడా" అని నవ్వుకుంటూ కూతురు అన్నిటినీ పీకేసి, నేల చదును చేసి, చెత్తబండికి ఎత్తేసింది.

కుట్టిన బట్టలు ఇచ్చొచ్చిన అమ్మ పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పుల్లలేవి?"

"పడేశానమ్మా. రేపు రాళ్ళు పరిచేవాళ్ళొస్తున్నారు."

అమ్మ కేకలేసినా బావుండేది. గడప మీద కూలబడి, "ఏడాది పని. మొత్తం ఊడ్చిపెట్టావు కదే" అంది.

"పుల్లలు గుచ్చడం కూడా పనేనా?"

"రోజూ నాలుగింటికి పడమటి పక్కింటి గోడ నీడ ఎక్కడిదాకా వస్తుందో చూసి, వారానికో పుల్ల గుచ్చాను. నెలకో రంగు. నాలుగు దాటాక మీ నాన్న ఎక్కడ కూర్చుంటే ఏడాది పొడుగునా ఎండ తగలదో తెలుసుకుందామని."

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెప్పాను. నీడ చూస్తున్నానే అంటే, ఇంకేం పని లేదా అన్నావు. ఆయనకు మాత్రం చెప్పలేదు. ఆశ పెట్టుకుంటారు. తీరా చోటు దొరక్కపోతే ఆ మొహం నేను చూడలేను."

కూతురికి ఉక్రోషం వచ్చింది. "నేనూ ఆయన కోసమేగా గీసింది. నీడలన్నీ కంప్యూటర్లో లెక్క వేశాను, చూడు" అంటూ కాగితం పరిచింది. తూర్పు మూల అరుగు, తెల్లరాళ్ళు, పైన చెక్క పట్టీల పందిరి. చూడముచ్చటగా ఉంది.

అమ్మ కొత్త బట్టను చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బావుంది. కానీ ఈ పట్టీల సందుల్లోంచి పడేదీ ఎండేగా. తెల్లరాయి మీద పడ్డ వెలుగు తిరిగి మొహానికే కొడుతుంది. పక్కింటివాళ్ళు మేడ మీద గది వేసి ఏడాదిన్నరైంది. ఆ గది నీడ ఇందులో ఉందా?"

లేదు. పక్కింటికి పాత కొలతలే వేసింది. ఏడేళ్ళ అనుభవం ఉండి కూడా. నాన్నను తీసుకెళ్ళి ఎండలో కూర్చోబెట్టబోయానన్న సంగతి తలకెక్కేసరికి ఆమె కళ్ళు నిండిపోయాయి.

"తప్పైపోయిందమ్మా. మళ్ళీ ఏడాది ఆగాలా?"

అమ్మ ముక్కు తుడుచుకుని లేచింది. వీధి మొత్తానికి బట్టలు కుడుతూ ఏనాడూ కొలతల పుస్తకం పెట్టని మనిషి. "రాసుకో. గోడ దగ్గర్నుంచి నా అంగలు. మొదటి నెల పదమూడు. రెండోది పన్నెండు" అంటూ పెరట్లో నడుస్తూ అప్పజెప్పసాగింది. కూతురు రాసుకోవడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. ఇంత లెక్క తలలో పెట్టుకుని ఈవిడ రోజూ మామూలుగా వంట చేసి, మిషను తొక్కిందా అనిపించింది.

మండుటెండల నెల దగ్గర అమ్మ ఆగిపోయింది. "అప్పుడు బడి యూనిఫారాలు నెత్తిన పడ్డాయి. గుర్తు రావట్లేదే. అన్నిటికంటే చిన్న నీడ అదే. అది తెలియకపోతే మిగతావన్నీ దండగే."

"తొమ్మిది" అంది పరదా వెనక నుంచి గొంతు.

ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు.

"తొమ్మిది అంగలు, పైన ఒక అర అంగ" అన్నారు నాన్న. "ఆ అర అంగ దగ్గర నువ్వు కాసేపు తటపటాయించి తొమ్మిది దగ్గరే గుచ్చావు. పసుపు పీలిక."

అమ్మ నెమ్మదిగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. "మీకెలా తెలుసు?"

"ముప్పై ఏళ్ళు అద్దంలో వెనక్కి చూస్తూ బండి నడిపినవాణ్ణి. పరదా సందులోంచి ఆ మాత్రం కనపడదా?"

"మీరు ఆశ పెట్టుకుంటారనే చెప్పలేదండీ."

"పెట్టుకున్నాను. నాలుగు ఎప్పుడవుతుందా అని రోజూ గడియారం చూసుకునేవాణ్ణి. నువ్వు పుల్ల గుచ్చినప్పుడల్లా, అక్కడిదాకా నేను వెళ్ళొచ్చన్నమాట అనుకునేవాణ్ణి."

అమ్మ పరదా మీద చెయ్యి ఆనించింది. లోపలి నుంచి ఆయన చెయ్యి వచ్చి సరిగ్గా అక్కడే ఆనింది. కూతురు కళ్ళు తుడుచుకుని, కాగితాన్ని వెనక్కి తిప్పి, పక్కింటి గోడ దగ్గర్నుంచి తొమ్మిది అంగలు గీసింది.