చివరి విల్లాకి పన్నెండు నిమిషాలు

ఆ దీవిలో చివరి విల్లాకి వెళ్ళే చెక్క వంతెనకి మంచిపేరు లేదు.

పగలు బాగానే ఉంటుందట. తెల్లటి చెక్కలు, రెండు వైపులా తాడు కట్టిన గుంజలు, చుట్టూ నీళ్ళు. ఫొటోల్లో చూస్తే నాకే వెళ్ళి పడుకోవాలనిపిస్తుంది. చీకటి పడ్డాక మాత్రం అక్కడ పనిచేసేవాళ్ళెవరూ దాని మీద ఒంటరిగా కాలు పెట్టరు. దుప్పట్లు మార్చే ఆవిడ వంటవాణ్ణి తోడు రమ్మంటుంది. వంటవాడు పళ్ళేలు తీసుకెళ్ళాలంటే ఆవిణ్ణి తోడు అడుగుతాడు. మీ ఇద్దరికీ పెళ్ళి చేసేస్తే ఒక గొడవ వదిలిపోతుంది అని మేనేజరు విసుక్కున్నాడట.

ఏముంది అక్కడ అంటే అందరిదీ ఒకటే మాట. నడుస్తుంటే వెనకాల ఎవరో నడుస్తారు. మనం ఆగితే... ఒక్క అడుగు ఆలస్యంగా వాళ్ళూ ఆగుతారు.

తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

నేను విన్నదే చెబుతున్నాను. ఆ దీవికి నేనెప్పుడూ వెళ్ళలేదు. అక్కడ ఒక్క రాత్రి నిద్రపోవాలంటే నాలాంటివాడు ఏడాది పాటు నిద్ర మానేసి పనిచేయాలి. అలాంటి చోట్లకి మనుషుల్ని పంపే ఆఫీసులో టికెట్లు చూస్తాను, అంతే. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

ఇది మా పెద్దక్కకి జరిగింది.

మా ఆఫీసు ఇద్దరు అక్కచెల్లెళ్ళది. పెద్దామె పెద్దక్క, రెండో ఆమె చిన్నక్క. డబ్బున్నవాళ్ళ సెలవులకి ఏర్పాట్లు చేయడం వాళ్ళ పని. విమానం దిగింది మొదలు దీవిలో దిండు మీద తల వాల్చేదాకా అతిథి కాలికి చిన్న రాయి కూడా తగలకూడదు. అందుకని ఎవర్ని పంపినా ముందు తామే వెళ్ళి ఆ దారంతా నడిచి చూసేవాళ్ళు. అదీ చెడ్డరోజు చూసుకుని. లోకంలో అందరూ మంచిరోజు చూసుకుని బయల్దేరితే, మా అక్కలిద్దరూ జోరువాన కురిసే రోజో, రద్దీ ఎక్కువుండే రోజో, సముద్రం మొండికేసే రోజో వెతుక్కుని బయల్దేరేవాళ్ళు. మంచిరోజు వెళ్తే మంచే కనిపిస్తుంది, దాంతో మనకేం పని అనేది పెద్దక్క.

నడకకి ఒక పద్ధతి ఉండేది. పెద్దక్క అతిథిలా ముందు నడిచేది, చేతిలో నడక నిమిషాలు లెక్కపెట్టే గడియారం పట్టుకుని. చిన్నక్క సామాను మోసే మనిషిలా, పెట్టె పట్టుకుని ఇరవై అడుగులు వెనకాల. ముందు నడిచేవాళ్ళు ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు. నా పెట్టె ఏమైపోయిందో అని అతిథి వెనక్కి తిరిగి చూశాడంటే ఏర్పాటు చేసినవాళ్ళు ఓడిపోయినట్టే. ఇది కూడా పెద్దక్క మాటే.

తొమ్మిది నెలల కిందట ఒక కొండ మీది హోటల్‌కి అలాగే నడుస్తున్నారు. ఎండ మండిపోతోంది. సగం దారిలో వెనక నుంచి చిన్నక్క అడిగింది.

"అక్కా... ఒక్క నిమిషం ఆగవే."

"ఆగితే లెక్క తప్పుతుంది. రా," అంది పెద్దక్క, తిరక్కుండానే.

పైకి చేరి గడియారం నొక్కి వెనక్కి చూస్తే ఎవరూ లేరు. కిందికి దిగి వెళ్ళేసరికి చిన్నక్క దారి పక్కన పెట్టె మీద కూర్చుని ఉంది, తల గోడకి ఆనించి. గుండె అన్నారు డాక్టర్లు. మీరు పక్కనే ఉన్నా ఏమీ చేయగలిగేవారు కాదని కూడా అన్నారు. పక్కన లేకపోవడం గురించి మాత్రం వాళ్ళేమీ అనలేదు.

పెద్దక్క ఏడవలేదు. అంత్యక్రియలకి ఎవరు ఏ కారులో రావాలో రాసి అందరికీ పంచింది. ఒక్క కారూ ఆలస్యం కాలేదు. ఐదో రోజు ఆఫీసుకి వచ్చి ఆగిపోయిన పనులు ముందేసుకుంది. ఏం చెప్పినా సరే అనేది. మనిషి మొద్దుబారిపోయింది. టీ చల్లారిపోయినా తాగేసేది. పంచదార మర్చిపోయినా తాగేసేది. ఒకసారి కావాలనే చిటికెడు ఉప్పు వేసి ఇచ్చాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. అదీ తాగేసి కప్పు కింద పెట్టింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చింది ఈ దీవి పని.

ఒక ఫ్యాక్టరీ యజమాని వాళ్ళమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకని దీవి మొత్తం ఐదు రోజులకి తీసుకున్నాడు. పధ్నాలుగు మంది. మంచం మీద నుంచి లేవకుండా సముద్రంలో సూర్యుడు లేవడం చూడాలని పెద్దావిడ కోరిక. అది కనిపించేది చివరి విల్లాలోంచే. చక్రాల కుర్చీ తెస్తే అసలు బయల్దేరనే బయల్దేరనని, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా ఒక్కదాన్నే నడుస్తానని కూడా ఆవిడ ముందే చెప్పేసింది.

దీవి మేనేజరు ఫోన్‌లో నసిగాడు.

"పెద్దావిడకి వేరే విల్లా ఇద్దాం మేడమ్... ఆ వంతెన..."

"వంతెనకి ఏమైంది?"

"ఏం కాలేదు మేడమ్."

"ఏం కాకపోతే ఆవిడ అక్కడే ఉంటుంది," అంది పెద్దక్క.

అతిథులు దీవికి చేరేది రాత్రి తొమ్మిదికి. కాబట్టి పెద్దక్క కూడా రాత్రి తొమ్మిదికే నడిచి చూడాలి. ఆటుపోట్ల పట్టిక ముందేసుకుని, ఆ నెలలో సముద్రం అన్నిటికన్నా వెనక్కి పోయే రోజు ఏదో చూసి, ఆ రోజుకే పడవ చెప్పించింది. చెప్పాను కదా, చెడ్డరోజు.

అనుకున్నట్టే అయింది. నీళ్ళు దిగిపోయి పడవ జెట్టీ అంచుకి అందలేదు. ఇనుప నిచ్చెన పట్టుకుని పదకొండు మెట్లు పైకెక్కాల్సి వచ్చింది. పెద్దావిడ వల్ల కాదు, పోటు మీద ఉన్న రోజే రావాలి అని పుస్తకంలో రాసుకుంది. మేనేజరు లాంతరు ఇచ్చాడు గానీ తోడు ఎవర్నీ ఇవ్వలేకపోయాడు. వంటవాడికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. దుప్పట్ల ఆవిడకి వంటవాడు లేడు.

"ఎవరూ వద్దు," అంది పెద్దక్క.

గడియారం నొక్కి వంతెన మీద అడుగు పెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి ఎలా నడుస్తుందో అలా... ఒక అడుగు, కాసేపు, ఇంకో అడుగు. చెక్కల అంచున మోకాలి ఎత్తులో చిన్న దీపాలు. వాటి అవతల ఏమీ కనిపించడం లేదు. బురద వాసన.

ముప్ఫై అడుగులు వేసిందో లేదో —

వెనకాల... టక్.

తన అడుగు. కాసేపు. వెనకాల... టక్.

గాలి లేదు. అల చప్పుడు లేదు. తను కాలు మోపుతోంది, ఆ తరవాత వెనకాల ఇంకెవరో మోపుతున్నారు. తొందర లేదు. దగ్గరికి రావడం లేదు, దూరం పోవడం లేదు. ఇరవై అడుగుల దూరంలో, బరువేదో పట్టుకున్న మనిషిలా...

"భయమేయలేదా అక్కా?" అని అడిగాను నేను తరవాత.

"వేయాలి కదా అనుకున్నాను," అంది.

వంతెన సగానికి వచ్చేసరికి ఆ అడుగులు నెమ్మదించాయి. టక్... చాలాసేపటికి, టక్. అలసిపోయినవాళ్ళ నడక అది. ఎవరైనా పిలుస్తారేమో అని పెద్దక్క చెవులు అక్కడే పెట్టింది.

ఎవరూ పిలవలేదు.

ఇంకొక్క టక్... అంతే. మరి వినిపించలేదు.

పెద్దక్క ఆగలేదు. తిరగలేదు. ఒక అడుగు, కాసేపు, ఇంకో అడుగు... విల్లా తలుపు దాకా నడిచి, గొళ్ళెం పట్టుకుని, గడియారం నొక్కింది. పన్నెండు నిమిషాలు. అప్పుడు వెనక్కి చూసింది. వంతెన పొడవునా దీపాలు, ఇంకేమీ లేదు. లోపలికి వెళ్ళి దిండు మీద తల పెట్టి కిటికీలోంచి తూర్పు కనిపిస్తోందో లేదో చూసుకుని, అలాగే పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, నీళ్ళు మళ్ళీ నిండుగా వచ్చాక, వంతెన చూసుకునే ముసలి వడ్రంగిని పిలిపించింది. వెనకాల ఎవరో నడుస్తారట, ఏమిటది అని అడిగింది. తను విన్నానని చెప్పలేదు.

వడ్రంగి పగలబడి నవ్వాడు.

"ఆ దెయ్యాన్ని చేసింది నేనేనమ్మా."

వంతెన పలక మీద నిలబడి చూపించాడు. అడుగున స్తంభాలు లేవు. గాలి నింపి మూతి బిగించిన పీపాల మీద పలకలు పరిచాడు, అంతా నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. కాలు మోపితే పలక కిందికి దిగుతుంది. మనం దాటిపోయాక నెమ్మదిగా పైకి లేచి, పక్క పలకకి తగులుతుంది. టక్. మనం ఎంత నెమ్మదిగా నడిస్తే అదీ అంత నెమ్మదిగా లేస్తుంది. మధ్య నుంచి అవతలికి కొత్త పీపాలు వేశాడు కాబట్టి అటువైపు చప్పుడుండదు.

"మరి వాళ్ళకి చెప్పలేదేం?"

"ఎవరడిగారమ్మా? పైగా చీకటి పడ్డాక నన్ను ఆ చివరికి పనికి పిలవరు. ప్రాణం హాయిగా ఉంది."

పెద్దక్క తల ఊపింది. అంతేనన్నమాట అనుకుంది. తేలికపడిందా, బాధపడిందా అని తరవాత నేను అడిగితే రెండూ కాదంది. పడవ తాడు విప్పుతుంటే వడ్రంగి జెట్టీ మీద నుంచి ఇంకో మాట కూడా చెప్పాడు.

"పెద్దావిడ వచ్చేలోపు బిగించేస్తాలెండి. మళ్ళీ ఆటు బాగా తీసిన రోజు చూసి చేస్తా. అప్పుడు పీపాలన్నీ ఇసుక మీద కూర్చుంటాయి. ఏనుగు తొక్కినా కిక్కురుమనదు."

సరే అంది పెద్దక్క. ఆమె అన్నిటికీ సరే అనేది కదా.

ఆ మర్నాడు ఆఫీసులో నా ఎదురుగా కూర్చుని, ప్రయాణం కాగితం నింపుతూ ఇదంతా చెప్పింది. నేను ఊపిరి బిగబట్టి విని, వడ్రంగి దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నవ్వేశాను. ఎంత హాయిగా అనిపించిందో. లేచి వెళ్ళి ఇద్దరికీ టీ తెచ్చాను.

కాగితం మీద ఒక్కో గడీ నింపుతోంది. పడవ దిగే చోటు: నిచ్చెన వద్దు. నడక: పన్నెండు నిమిషాలు. ఆఖరి గడీ, నడిచిన వేళకి నీళ్ళు ఎంత ఉన్నాయో రాయాలి. ఆటుపోట్ల పట్టిక తీసి ఆ తేదీ మీద వేలు పెట్టింది.

వేలు అక్కడే ఉండిపోయింది.

"ఎనిమిది యాభై రెండు," అంది.

"ఏమిటక్కా?"

"ఆటు. నీళ్ళు పూర్తిగా పోయిన వేళ." పెన్ను కింద పెట్టింది. "నేను వంతెన ఎక్కింది తొమ్మిదికి."

నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక పట్టిక నా వైపు లాక్కున్నాను. పీపాలు ఇసుక మీద కూర్చుని ఉన్నాయి. ఆ రాత్రి ఆ వంతెన ఏనుగు తొక్కినా...

"పట్టిక తప్పేమో అక్కా," అన్నాను.

"నిచ్చెన ఎక్కాను కదరా. పదకొండు మెట్లు."

బయట ఎవరో మెట్లు దిగుతుంటే ఆ అడుగుల చప్పుడు అయిపోయేదాకా ఇద్దరం విన్నాం.

"అయితే నేను మళ్ళీ ఆగలేదన్నమాట," అంది పెద్దక్క. విమానం గంట ఆలస్యం అని చెప్పే గొంతుతోనే అంది. తరవాత టీ కప్పు అందుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించి కింద పెట్టేసింది.

"ఇందులో పంచదార లేదు."

తొమ్మిది నెలల్లో మొదటిసారి. నేను లేచి పంచదార తెచ్చేలోపు ఆమె కళ్ళు తుడుచుకుని, కాగితం మీద పన్నెండు నిమిషాలు అన్నది కొట్టేసి ఇంకేదో రాసింది.

ఆ సాయంత్రం దీవి మేనేజరు ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్‌లో పెట్టింది.

"మేడమ్, కాగితం అందింది. నడక దగ్గర చిన్న అనుమానం. వంతెన మధ్యలో ఆగాలి, ఎంతసేపైనా ఫరవాలేదు అని రాశారు. మంచిదే, పెద్దావిడ కదా. కానీ అక్కడ కుర్చీలు రెండు వేయమన్నారు. ఆవిడతో పాటు ఎవరూ నడవడం లేదు కదా మేడమ్... రెండోది ఎవరికి?"

"వెనకాల పెట్టె పట్టుకుని వచ్చేవాళ్ళకి," అంది పెద్దక్క.

"పెట్టెలు ముందే వెళ్ళిపోతాయి కదా మేడమ్. వెనకాల ఎవరూ రారు."

"వస్తారు," అంది. "కుర్చీ వేయించండి."