నడిచే బంగారం

సౌదీలో తాయిఫ్ దాటి కొండ దిగి, తారు రోడ్డు వదిలేసి రాళ్ళలో గంటసేపు పోతే ఒక వాగు వస్తుంది. నీళ్ళు లేని వాగు. ఒడ్డున పాత గని గుంత ఒకటి, ఎవరు తవ్వారో ఎప్పుడు తవ్వారో ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందటి దాకా ఆ చోటుకు పేరూ లేదు, చెడ్డపేరూ లేదు. ఇప్పుడు మాత్రం... ఒంటెలు కాసే సూడానీలు కూడా పొద్దుగూకితే అటు పోరు.

అక్కడ బంగారం నడుస్తుందట.

నవ్వకండి. మెటల్ డిటెక్టర్ పట్టుకుని దొంగచాటుగా వెళ్ళినవాళ్ళందరిదీ ఒకటే మాట — మిషన్ మోగుతుంది, అచ్చం బంగారం మోత. తవ్వితే మట్టి. ఇంకో రాత్రి వెళ్తే రెండు బారల అవతల మోగుతుంది. అక్కడా మట్టే! బంగారం మోగిందంటే మనవాళ్ళు శ్మశానంలోకైనా పలుగు తీసుకుని పోయే రకం. అలాంటివాళ్ళే ఆ వాగుకో దండం పెట్టి మానుకున్నారు.

ఖలందర్ అక్కడికి వెళ్ళింది బంగారం కోసం కాదు.

అతనిది రాయచోటి. తాయిఫ్ తోటలకు నీళ్ళ ట్యాంకర్ తోలేవాడు. వాళ్ళక్క హమీదున్నీసా మొగుడు బాబావలి కూడా ఇక్కడే పనిచేస్తూ ఒక శుక్రవారం మాయమయ్యాడు. పనిచ్చిన యజమాని, కఫీల్, పారిపోయాడని పోలీసుల దగ్గర హురూబ్ రాయించేశాడు. ఆ కాగితంతో అందరికీ కథ అయిపోయింది, అక్కకు తప్ప. ఏడాది దాటినా ప్రతి శుక్రవారం ఫోన్లో అదే అడిగేది.

"బతికుండాడంటే ఎదురుచూస్తా. లేడంటే ఇద్దత్ కూచుంటా. ఏదో ఒగటి చెప్పు నాయనా!"

మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా కూర్చోవాలి. పోయాడో లేదో తెలియని మనిషి దేనికని కూర్చుంటుంది? చేతికి గాజులుంచుకోవాలన్నా తప్పుగానే ఉంది, తీయాలన్నా తప్పుగానే ఉంది.

బాబావలిని చివరగా చూసింది గులాం మొహిద్దీన్. హైదరాబాదు పాతబస్తీ మనిషి, ఇక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. అతని దగ్గర మిషన్ ఉంది, చెవులే లేవు. ఎడమది పూర్తిగా చెవుడు, కుడిది సగం. అందుకే మోత వినడానికి బాబావలిని వెంట తీసుకెళ్ళేవాడు.

"జిద్దాల పని దొరికిందని బస్సెక్కిండు మియా."

ఎన్నిసార్లడిగినా అదే మాట, ఒక అక్షరం అటూ ఇటూ కాకుండా. నిజం చెప్పేవాడి మాట ఒక్కసారైనా తడబడుతుంది కదా అనిపించింది ఖలందర్‌కు. ఏమీ ఎరగనట్టు — నా చెవులు మంచివి భాయ్, నాకు నేర్పు అన్నాడు.

మొహిద్దీన్ నేర్పాడు. ఓపిగ్గానే నేర్పాడు. మేకు, పెప్సీ డబ్బా మూత, తన భార్య ముక్కుపుడక ఇసకలో పాతిపెట్టి, ఏది ఎక్కడో చెప్పమనేవాడు. ఇనుము బొంగురుగా మోగి మధ్యలో తెగిపోతుంది. డబ్బా మూత చెవిలో గుచ్చుతుంది. బంగారం మెత్తగా, గుండ్రంగా లేస్తుంది, ఎటునుంచి మిషన్ ఊపినా ఒకే తీరు.

"మంచి స్టీలు గూడ గట్లనే మోగుతది, పైలం. కొత్తోళ్ళు గాడనే మోసపోతరు. ఇంకొకటి యాదిపెట్టుకో. మిషన్ ఊపుతనే ఉండాలె. ఆపితే మూగదే. కింద సొమ్ము కదలదు గద, మనమే కదలాలె."

స్టీలు అనగానే ఖలందర్‌కు బావ గుర్తొచ్చాడు. ట్రాక్టర్ మీంచి పడితే తిరుపతిలో కుడి తొడకు స్టీలు రాడ్డు వేశారు. ఎయిర్‌పోర్టులో మిషన్ కుయ్యిమంటే లుంగీ ఎత్తి మచ్చ చూపించి, "నా కాల్లో బంగారముండాది సార్" అన్న మనిషి. ట్రాక్టర్ మీంచి పడినప్పట్నుంచీ ఆ కాలు ఈడ్చే నడిచేవాడు.

నాలుగు నెలలు తిరిగారు ఇద్దరూ. ఎటు పోదామన్నా మొహిద్దీన్ సరేననేవాడు, ఆ వాగు ఒక్కటే వద్దనేవాడు. దెయ్యమంటే నమ్మనివాడికి, చీకట్లో ఒంటరిగా తిరిగేవాడికి ఆ వాగంటే ఎందుకంత భయం?

ఒక రాత్రి పికప్ తోలుతూ ఖలందర్ ఏమీ చెప్పకుండా బండిని అటే తిప్పాడు.

"ఈడొద్దు... ఖలందర్, ఈడొద్దు!"

ఖలందర్ లైట్లు ఆర్పేశాడు. మిషన్ తీసుకుని దిగాడు. మొహిద్దీన్ బండి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

గాలి లేదు. కాళ్ళ కింద రాళ్ళు మాత్రం కరకరమంటున్నాయి. గుంతకు నలభై అడుగుల దూరంలో మిషన్ ఊపడం మొదలుపెట్టాడు. ఏమీ లేదు. ఇంకొంచెం... ఏమీ లేదు. చేతులు లాగేస్తున్నాయి. కాసేపాగి మళ్ళీ మొదలుపెడదామని మిషన్ నేలమీద పెట్టి, చేయి వదిలేశాడు.

అప్పుడు మోగింది.

మెత్తగా. గుండ్రంగా. చాలా సన్నగా...

ఖలందర్ తన చేతులు చూసుకున్నాడు. మిషన్ కదలడం లేదు. మిషన్ కదలకుండా మోగిందంటే... కదులుతున్నది కిందది.

ఒక మోత. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మోత, ఇందాకటికన్నా దగ్గరగా. మళ్ళీ ఖాళీ. మళ్ళీ మోత — ఈసారి సాగి, ఈడ్చినట్టు.

ఒక కాలు మోగుతోంది. రెండో కాలు మోగడం లేదు.

ఆ నడక ఖలందర్‌కు తెలుసు. చిన్నప్పుడు అక్క పెళ్ళిలో అదే మనిషి భుజమెక్కి ఊరేగాడు.

"బావా..."

మోత ఆగిపోయింది. సరిగ్గా మిషన్ కింద.

వెనక ఏదో పడిన చప్పుడు. మొహిద్దీన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చెవులూ మూసుకున్నాడు... ఆ చెవిటి ఎడమ చెవిని కూడా.

"నాక్కూడ ఇనబడ్తున్నది ఖలందర్... నాక్కూడ ఇనబడ్తున్నది..."

అప్పుడు చెప్పాడు. ఆ శుక్రవారం రాత్రి బాబావలి గుంతలోకి దిగాడు. మన్ను కూలింది. "తెల్లారేదాంక పిలిచిన. జవాబు రాలే. లైసెన్సు లేకుండ తవ్వినమని జైల్లేస్తరని... వచ్చేసిన. నన్ను మాఫ్ చెయ్యి."

ఖలందర్ మాఫ్ చేయలేదు. కొట్టలేదు కూడా. దొంగతవ్వకానికి తనకూ ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే ముద్ర, కొట్టి ఇంటికి పంపేస్తారని తెలిసే పోలీసులకు ఫోన్ చేశాడు.

రెండు రోజులు తవ్వారు. నిలువెత్తు మన్ను కింద మనిషి దొరికాడు. బట్టలు, జేబులో ఇఖామా కార్డు, అన్నీ దొరికాయి. కుడి తొడలో ఉండాల్సిన రాడ్డు మాత్రం లేదు. ఖలందర్ మిషన్ పెట్టిన చోటు చూపించాడు. అక్కడ మూరెడు లోతున ఉంది.

నక్క లాక్కొచ్చి ఉంటుందని రాసుకున్నారు అధికారులు. అంత మన్ను తీసి లోపలికి పోయి, మళ్ళీ మన్ను కప్పి వచ్చిన నక్క ఎలాంటిదో వాళ్ళకే తెలియాలి.

పోలీసు బండి ఎక్కేముందు ఖలందర్ ఒక్కసారి వెనక్కి చూశాడు. ఏడాదిగా ఎవరెవరో తవ్వి వదిలేసిన ఖాళీ గుంటలు ఎండలో స్పష్టంగా కనిపించాయి. రాత్రుళ్ళు వచ్చినవాళ్ళకు అవి ఎప్పుడూ ఒక్కచూపులో కనిపించి ఉండవు. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. గని గుంత దగ్గర మొదలై, రెండు బారలకొకటి చొప్పున... రోడ్డు వైపుకు.

అక్కకు ఫోన్ చేసి ఏదీ దాచకుండా చెప్పాడు. తర్వాత మసీదు హజ్రత్‌ను అడిగొచ్చి ఆమే ఫోన్ చేసింది.

"ఇద్దత్ మనిషి పోయిన దినం నుంచే లెక్కంట రా. యాడాది దాటింది గాబట్టి ఎప్పుడో అయిపోయిందంట. నేను కూచోనే లేదు, అయిపోయిందంట."

"అక్కా..."

"హజ్రత్‌కు తెలీదులే. మొన్న రేత్రి దాకా ఇంటికని నడిచొస్తా ఉన్న మనిషి, యాడాది కిందట ఎట్ల పోయింటాడు? నువ్వు పిలిస్తే ఆగినాడే, ఆ రేత్రి నుంచి లెక్కబెట్టుకుంటా."

అని ఫోన్ పక్కన పెట్టి, గాజులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.