ధూమ్రదంష్ట్ర ఇంటి తోడుపిండి

గోధుమగిరి రాజ్యంలో రొట్టె పొంగడం మానేసింది. నవ్వకండి పిల్లలూ, అక్కడ రాజు మొదలుకొని గాడిదలు కాసేవాడి దాకా అందరికీ రొట్టే అన్నం. పిండీ నీళ్ళూ కలిపి పులియబెట్టిన తోడుపిండి ప్రతి ఇంట్లోనూ కుండలో బుడగలు కడుతూ ఉండేది. అందులోంచి కాస్త తీసి కొత్త పిండిలో కలిపితే రొట్టె మెత్తగా పొంగేది.

ఒకనాటి సంధ్యవేళ ఒక ముసలమ్మ రాజుగారి వంటలక్క ఓబుళమ్మను గుప్పెడు తోడుపిండి అడిగింది.

"దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు, పుచ్చుకోరమ్మా, లక్ష్మి వెళ్ళిపోతుంది. రేప్పొద్దున రా," అంది ఓబుళమ్మ. మన ఇళ్ళల్లో అందరూ అనే మాటే.

ఆ వచ్చింది ధూమ్రదంష్ట్ర అనే రాక్షసి. "ఇక మీ ఊళ్ళో ఏ పిండీ పొంగదు! నువ్వు రాయివైపో! నా ఇంటి తోడుతో ఇక్కడ రొట్టె పొంగిననాడే లేస్తావు," అని శపించి మాయమైంది.

మంత్రులు సభ పెట్టారు. సభలో ఫలహారం లేకపోవడంతో త్వరగానే లేచారు. చివరికి ఓబుళమ్మ కూతురు సుంకులి ఏడ్చి ఏడ్చి, పిండి మూట, ఖాళీ కుండ పట్టుకుని అడవిలోకి నడిచింది.

దారిలో ఒక ముని కనిపించాడు.

"స్వామీ, రాక్షసిని జయించే మంత్రం ఉందా?"

"ఉండేది తల్లీ, మరిచిపోయాను. రాక్షసి గుహ మాత్రం ఉత్తరాన ఉంది."

గుహ ముందు ఎలుగుబంటి కాపలా ఉంది. "లోపలికి పోనిస్తాను. తిరిగొచ్చేటప్పుడు తింటాను," అంది. వద్దనే స్థితిలో సుంకులి లేదు.

రాక్షసి అప్పుడే దీపం వెలిగించింది. "దీపం పెట్టాక తోడు అడుగుతావా? మీ అమ్మకున్న పట్టింపు నాకుండదా?" అని గద్దించింది. ఏం చేయాలో తోచక సుంకులి గుమ్మంలోనే కూలబడింది.

తెల్లవారగానే రాక్షసి విసుగ్గా కుండ నింపింది. "ఆకలితో ఆడపిల్ల గుమ్మంలో కూర్చుంటే నాకు ముద్ద దిగలేదు, పో! రోజూ సగం తీసి ఎవరికైనా ఇవ్వు. మిగిలినదానికి పిండీ నీళ్ళూ పెట్టు. దాచుకున్నావో, పారబోశావో, చచ్చిపోతుంది."

అడవిలో ఎవరికిస్తుంది? ఎలుగుబంటి నోరు తెరవగానే సగం అందులో వేసింది. దాని దవడలు అతుక్కుపోయాయి.

మర్నాడు మునికి ఇవ్వబోతే, "నేను సర్వం త్యజించానమ్మా!" అన్నాడు.

"అయితే చోటుంటుంది స్వామీ," అని కమండలంలో పెట్టింది.

"దీనికి రోజూ పిండి పెట్టాలా?"

"పెట్టాలి."

ముని కళ్ళు తుడుచుకున్నాడు.

ఊరు చేరేసరికి మళ్ళీ సంధ్యవేళే. మూటలో పిండి అయిపోయింది, కుండ పొర్లుతోంది. "ఎవరైనా సగం తీసుకోండి!" అని సుంకులి వీధివీధీ తిరిగింది.

"దీపాలు పెట్టేశాం తల్లీ. పొద్దున్నే చూద్దాం," అంటూ తలుపులు మూసుకున్నారు. పాపం, వాళ్ళకూ ఆకలే.

"పొద్దుటికి ఇది చచ్చిపోతుంది! మా అమ్మ రాయిగానే ఉండిపోతుంది!" నడివీధిలో నిలబడి ఏడ్చింది సుంకులి.

ఆ ఏడుపు విని మణిధర మహారాజు చెప్పులైనా లేకుండా వచ్చి పట్టు ఉత్తరీయం పరిచాడు. "ఇందులో వెయ్యి తల్లీ. లక్ష్మి వెళ్తే వెళ్ళనీ. ఆవిడకు పెట్టడానికి మా ఇంట మాత్రం ఏముంది?"

సగం ఆయన ఉత్తరీయంలో పడింది. మిగిలినదానికి కోటలోంచి పిండి వచ్చింది. అది చూసి ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, గిన్నెలు బయటికొచ్చాయి.

తెల్లవారి కోట పొయ్యిలో మొదటి రొట్టె పొంగింది. ఓబుళమ్మ కదిలింది. కూతుర్ని చూసి, "కుండకి మూత ఏదే?" అంది. సుంకులి ఆమెను కావలించుకుని వదల్లేదు.

రాజు సుంకులికి అర్ధరాజ్యం ఇచ్చాడు. సగం తీసి పంచడంలో అప్పటికే చెయ్యి తిరిగింది కాబట్టి, ఆ పిల్ల దాన్ని చక్కగానే ఏలింది.