నూట అరవై నాలుగో మనిషి

పాత మేడలో పెట్టిన ఆ చిత్రశాలలో మూడో హాలు ఆవిడది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే అటెండరు. సందర్శకులున్నంతసేపూ కూర్చోకూడదని నియమం. మూలన స్టూలుంది గానీ, అది చూసుకోవడానికే. సాయంత్రమయ్యేసరికి మోకాళ్ళు సలుపుతాయి, అరికాళ్ళు మంటలెత్తుతాయి.

ఆ హాల్లో ఓ గోడనంతా ఆక్రమించిన పటం ఒకటుంది. దొర, దొరసాని, కాళ్ళ దగ్గర కుక్క, వెనక విసనకర్రతో నిలబడ్డ దాసి. కింద ఇత్తడి రేకు మీద దొర పేరుంది, దొరసాని పేరుంది, కుక్క పేరు కూడా ఉంది. దాసికి లేదు. చరిత్రంటే కూర్చున్నవాళ్ళదే మరి! నూట ఇరవయ్యేళ్ళు నిలబడినా రేకులో జాగా దొరకదు.

ఆ దాసితో మాట్లాడటం అటెండరుకు అలవాటు. ఆ మధ్యాహ్నమూ వెళ్ళి మొరపెట్టుకుంది.

"చూశావుటే? నా కూతురికి కాన్పయి రెండ్రోజులైంది. మూడు గంటల బస్సు ప్రయాణం. సెలవడిగితే, నువ్వెళ్తే హాలెవరు చూస్తారంటాడు మా క్యురేటరు మహానుభావుడు. నా బదులు నువ్వెళ్ళి చూసి రావే, నీకు పుణ్యముంటుంది."

ఒకరి బదులు ఒకరు డ్యూటీకి వెళ్ళడం అటెండర్లలో మామూలే. ఆ అలవాటే నోటికొచ్చింది.

ఐదున్నరయింది. ముసురు పట్టి హాళ్ళన్నీ మసకబారాయి. వాకిట్లో రెండు తిరుగుడు గేట్లు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. టక్కుమని తిరిగినప్పుడల్లా అంకె మారుతుంది. రెండంకెలూ కలిస్తేనే తాళం. సిబ్బంది వెనక తలుపున వస్తారు, వాళ్ళు ఆ లెక్కలో లేరు.

"అక్కా!" గార్డు కేకేశాడు. "వచ్చినవాళ్ళు నూట అరవై మూడు. వెళ్ళినవాళ్ళు నూట అరవై నాలుగు!"

"కళ్ళజోడు మార్చు తమ్ముడూ."

"మార్చి పది రోజులు కాలేదు! ఒకసారి నీ హాలు చూసి రా, ఇళ్ళకు పోదాం."

ఉసూరుమంటూ వెనక్కి నడిచింది. తడిసిన సున్నం వాసన. అందులో ఎక్కడిదో ఆముదం వాసన... తలకు పట్టించిన ఆముదం. ఈ హాల్లో ఎన్నడూ లేనిది.

పటం మీద ఫోను టార్చి వేసింది.

దొర ఉన్నాడు. దొరసాని ఉంది. కుక్క ఉంది. వెనక...

ఉత్త గోడ.

చేతిలో ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, ఏంటే ఇది? వచ్చి పలకరించకుండా, అటు తిరిగి పాపకు విసురుతూ నిలబడ్డావు. కాళ్ళు నొప్పులంటావుగా, కూర్చోమంటే కూర్చోలేదు. నాకిలా కన్నంటుకుందో లేదో... పాపనెత్తుకుని ఎక్కడికెళ్ళావు?"

"నేను... నేను రాలేదే, తల్లీ."

వాకిట్లో... టక్.

"అక్కా, లెక్క సరిపోయింది!" గార్డు నవ్వుతున్నాడు. "లోపలికొచ్చే గేటు దానంతటదే తిరిగింది! తాళం వేసేస్తున్నా, రా."

ఆముదం వాసన చిక్కబడుతోంది. ఆవిడ కదల్లేదు. ఆ కాళ్ళింక కదల్లేవు.

టక్. ఈసారి మెల్లగా... చిన్న చెయ్యేదో తోసినట్టు.

గార్డు నవ్వు ఆగిపోయింది.

"అక్కా... ఇప్పుడు లోపల ఒకరు ఎక్కువున్నారు."