ఎడమ మలుపులో ఆగే బండి

“చెయ్యి తియ్యండి! బండిని చూడకుండా మనిషిని దొంగని చేసేసినారు. తప్పంతా మీదే!”

సుందరి అరుపుకి షాలిమార్ యార్డు పక్క సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పోలిరాజు కాలరు పట్టుకున్న గురువులు మాత్రం వదల్లేదు. ఆయన ఓడల డాకులో కూలీల మేస్త్రీ, తెలుగువాళ్ళ పేట అయిన ఆ పాడాకి పెద్ద.

“వారం నుంచి రోజూ మీ గుమ్మం ముందే ఆగిపోతంది బండి. ఆడపిల్లని చూడ్డానికి వీడి నాటకాలేటి?”

“నమ్ము బాబాయ్! సందులోకి ఎడమకి తిరగ్గానే చచ్చిపోతంది!” మొత్తుకున్నాడు పోలిరాజు.

భవానీపూర్‌లో కార్పొరేషన్ పైపుల పని ముగించి, కొత్త వంతెన దాటి పోలిరాజు ఇంటికెళ్ళే దారి అది.

గురువులు తీర్పు చెప్పేశాడు. వీడు మళ్ళీ ఈ సందులో కనపడకూడదు. గవరయ్య కూతురు సుందరిని రేపే సొంతూరికి పలాస రైలెక్కించాలి.

సుందరికి ఒళ్ళు మండింది. డాకు క్రేన్లకి కరెంటు పని చేసే నాన్న దగ్గర నేర్చిన పని. అరుగు మీద తను నడిపే రిపేరు షాపు. వీళ్ళ అనుమానానికి అదంతా వదిలి రైలెక్కాలా?

“తాళం ఇలాగియ్యి.”

“ఏటి చేస్తావు?”

“దొంగ నువ్వో బండో తేలుస్తా. నువ్వే అయితే టైర్లు కోసేస్తా.”

“కొయ్యి. అప్పుడిక ఇక్కడే ఉండిపోతాను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. సుందరి నవ్వు ఆపుకుని, మాడిన ఫ్యూజు పీకి ఆ చోట బల్బు తగిలించింది.

“తాళం నా చేతిలో ఉంది. బల్బు వెలగకూడదు. వెలిగితే కరెంటు దారి తప్పినట్టే.”

హ్యాండిలు కుడికి తిప్పింది. ఏమీ లేదు. ఎడమకి పూర్తిగా తిప్పింది. బల్బు భగ్గుమంది!

హెడ్‌లైటు వెనక దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు. కట్టింది దారంతో కాదు, డాకులో జనపనార బేళ్ళకి బిగించే ఇనప తీగతో. ఆ పాడాలో తడికైనా మంచం కోడైనా ఆ తీగతోనే కడతారు. బండి ఎడమకి తిరిగినప్పుడల్లా అది వైరుని కొరుకుతోంది.

“ఎవరు కట్టినారు?”

“మాయమ్మ. దారమైతే తెగిపోద్దని.”

“తీగ ఎవరిచ్చినారు?”

పోలిరాజు గురువులు వైపు చూశాడు. సందంతా గొల్లున నవ్వింది. కాలరు మీది చెయ్యి దానంతటదే జారిపోయింది. అరుగు మీద గవరయ్య మీసం దువ్వుకున్నాడు.

సుందరి తీగ తెంపేసి, వైరుకి టేపు చుట్టి, కొత్త ఫ్యూజు వేసింది. నిమ్మకాయని దారంతో కట్టింది. పోలిరాజు సందు మొదటికెళ్ళి ఎడమకి తిరిగాడు. బండి ఆగలేదు! సుందరి గుమ్మం దాటి దూసుకుపోయింది. సుందరి గర్వంగా చేతులు తుడుచుకుంది. రేపట్నుంచి ఆగదు కదా అని అప్పుడు తట్టింది.

నాలుగిళ్ళ అవతల బండి ఆగింది.

“మళ్ళీ ఏటయింది?”

“బండికేటీ కాలేదు. ఈసారి నేనే ఆపినాను సుందరీ. నువ్వు ఊఁ అంటే రోజూ ఆపుతాను.”

సుందరి ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గలేదు.

“సందులో నిలబడి సెప్పడం కాదు. ఆదివారం మీయమ్మని తీసుకురా. పెళ్ళయినా ఈ పని మాననని ముందే సెప్పు. గురువులు బాబాయ్, నన్ను రైలెక్కించమన్న నోటితోనే ఈ సంబంధం నువ్వు మాటాడాల. ఊఁ, ఇప్పుడే మొదలెట్టు!”