తారాకోట రాణి ఏడుపు

క్యాసెట్ పోయింది. డబ్బా ఉంది, లోపల క్యాసెట్ లేదు.

సోమవారం పొద్దున పది గంటలకు ఎస్.ఐ. ఫిర్దౌస్ జనగామ స్టేషన్ రోడ్డులోని ఆ స్టూడియో మెట్లెక్కింది. అప్పటికే దొంగను తేల్చేశారు. ఓనర్ జగపతి వేలు చూపించాడు. ఆ వేలికి ఎదురుగా ప్రోగ్రామర్ ఆమెర్ నిలబడి ఉన్నాడు.

"వీడే మేడం. ఇంకెవడు తీస్తడు?"

ఇంత సులువుగా దొరికే దొంగలంటే ఫిర్దౌస్‌కు నమ్మకం తక్కువ. ఆమె గది చూసింది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్నాయి. కొత్త కన్సోళ్ళున్నాయి. ఒక్కటీ కదల్లేదు. వీటన్నిటినీ వదిలేసి పాత క్యాసెట్ ఎత్తుకుపోయే దొంగ ఎవడు?

జగపతి చెప్పిన సంగతి ఇది. ఇరవై రెండేళ్ళ కింద ఇదే ఊళ్ళో 'తారాకోట' అనే వీడియో గేమ్ తయారైంది. అంతరిక్షంలో యుద్ధం, మూడు భాగాలు. సీడీలు ఇంటర్‌నెట్ సెంటర్లలో తిరిగి తిరిగి అరిగిపోయాయి. ఇప్పుడు మూడింటినీ కొత్త కన్సోళ్ళకు రీమాస్టర్ చేస్తున్నారు. మూడో భాగం చివర కోట కాలిపోతుంటే గ్రహాంతర రాణి ఏడుస్తుంది. ఆ ఏడుపు విన్న పిల్లలకు పెద్దయ్యాక కూడా అది గుర్తుంది. సీడీలో ఆ శబ్దం పేలుళ్ళతో కలిసిపోయి ఉంటుంది, విడదీయలేరు. అసలు రికార్డింగ్ క్యాసెట్ మీద ఒక్కటే ఉంది.

"కాపీ చేసుకోలేదా?"

"చేసినం. వీని కంప్యూటర్లనే. ఆ ఫైలు గూడ పోయింది. వీని లాగిన్ తోటే డిలీట్ అయింది. పాత ఏడుపు వద్దు, కంప్యూటర్ తోటి కొత్తది చేద్దామని నెల సంది నా చెవి తింటున్నడు."

ఆమెర్ కాదనలేదు. వద్దన్నాను గానీ తీయలేదన్నాడు. పాస్‌వర్డ్ స్క్రీన్ మీదే కాగితమ్ముక్కపై అతికించి ఉంది. బీరువా తాళంచెవి గోడకు మేకు మీద వేలాడుతోంది. ఇంత బందోబస్తు!

జగపతి అప్పటికే ఎవరెవరితోనో ఫోన్లు చేయించాడు. సాయంత్రంలోగా ఆమెర్ మీద కేసు కట్టమని పైనుంచి మాట వచ్చింది. చోరీ కేసు పడ్డ ప్రోగ్రామర్ చేతికి సోర్స్ కోడ్ ఎవడిస్తాడు? ఆమెర్‌కు వచ్చిన పని అదొక్కటే.

సాయంత్రం దాకా టైముంది. ఫిర్దౌస్ టేప్ డెక్ దగ్గర వంగింది.

డెక్ కింద రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు. నల్లగా, గోరంత. జగపతి చెత్త అనుకుని తొక్కుకుంటూ తిరుగుతున్నాడు. ఆమె వాటిని కవర్లో వేసుకుంది.

"శనివారం ఏం జరిగింది?"

శనివారం ఆమెర్ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించాడట. పాత గేములో ఆ గొంతును తిరగేసి, వేగం పెంచి వాడారు. ఆమెర్ మొదటిసారి దాన్ని సీదాగా వినిపించాడు. స్టూడియోలో ముగ్గురే ఉన్నారు. మూడో మనిషి సౌండ్ చూసే శిరీష. సగంలోనే తలనొప్పని బయటికి పోయింది. జగపతికి మాత్రం తెగ నచ్చింది. తిరగేయకుండా అట్లనే ట్రైలర్లో పెట్టమన్నాడు.

"ఇంక క్యాసెట్ తోటి పనేముంది?"

"ఉంది మేడం," అన్నాడు జగపతి. "పాత గరగర రావాలంటే పాత టేపు మీదనే రికార్డ్ చేయాలె. గీ దినం రాణి కొత్త డైలాగులు దాని మీదనే ఎక్కించేది ఉండె."

అంటే పాతది చెరిగిపోయేది. ఫిర్దౌస్ మూలకు చూసింది. శిరీష హెడ్‌ఫోన్ వైరు చుడుతోంది. విప్పి మళ్ళీ చుడుతోంది.

ఆ గొంతు ఎవరిదని అడిగితే జగపతి భుజాలెగరేశాడు. తన పాత పార్ట్‌నర్ రామ్మోహన్ తెచ్చాడట. రామ్మోహన్ ఇప్పుడు భూపాలపల్లిలో కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. ఫోన్ ఎత్తాడు. దంతాలపల్లి అవతల ఒక తండా పేరు చెప్పాడు. దోస్తు పిలిస్తే పెళ్ళికి పోయానని, రికార్డర్ మంచం కింద పెట్టానని చెప్పాడు.

"ఎవరినన్నా అడిగినరా?"

"ఎవరిని అడగాలె మేడం? ఏడుపే గదా."

ఫిర్దౌస్ ఫోన్ పెట్టేసి జీపు తీయించింది.

తండాలో ఆ పెళ్ళి గుర్తున్న మనిషి గంగాబాయి. ముసలామె మిరపకాయలు ఏరుతూ చెప్పింది. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు తమలో పెళ్ళిపిల్ల అయినవాళ్ళ మెడలు పట్టుకుని పాడుతూ ఏడుస్తుందని, దాన్ని ఢావలో అంటారని, ఒక్కొక్కరినీ పిలిచి ఏడవాలని చెప్పింది. ఆ రోజు ఏడ్చింది తన బిడ్డ రుక్కి. పెళ్ళయిన మూడేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. ఫోటో ఒకటుంది. గొంతు లేదు.

"రుక్కికి పిల్లలు?"

"ఒక్క పిల్ల. నేనే సాదిన. జనగామల కంపూటర్ల పని చేస్తది."

సాయంత్రం ఐదయింది. స్టూడియోలో అందరూ ఉన్నారు. ఆమెర్ తండ్రి అబ్దుల్ సత్తార్ టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

ఫిర్దౌస్ రెండు ప్లాస్టిక్ ముక్కలు టేబుల్ మీద పెట్టింది.

"క్యాసెట్ పైఅంచుకు ఉంటయ్ గివి. ఇవి విరగ్గొడితే రికార్డ్ బటన్ కిందికి దిగదు. మా బాబా తన కవ్వాలీ క్యాసెట్లకు గిట్లనే చేస్తుండె, మేం పాటలు ఎక్కించకుండ. రెండు ముక్కలున్నయ్. అంటే రెండు దిక్కులా విరిచిన్రు."

"అయితే?" అన్నాడు జగపతి.

"ఆమెర్‌కు ఆ ఏడుపు వద్దు. వద్దన్నోడు చెరిగిపోతే సంతోషపడతడు గని, చెరగకుండ కాపాడుతడా? దొంగకు అది పదిలంగ ఉండాలె. మీ చేతుల మాత్రం పడొద్దు. అందుకే ఫైలు తీసేసిన్రు, టేపు దాచుకున్నరు." ఆమె తిరిగింది. "శిరీషా, రుక్కి నీకేమైతది?"

వైరు చుట్టడం ఆగింది.

"మా యాడి. మా అమ్మ."

శిరీష బ్యాగులోంచి చున్నీలో చుట్టిన క్యాసెట్ తీసింది.

"నాకు రెండేళ్ళప్పుడు పోయింది. గొంతెట్లుంటదో తెల్వదు. శనివారం స్పీకర్ల 'యాడీ' అని మా అవ్వను పిలిచింది. తన అన్నను, మా బలరాం మామను, పేరు పెట్టి పిలిచింది. సార్ నవ్వుడు, ట్రైలర్ల పెట్టుమనుడు బయటికి వినబడ్డది. ముందు ముక్కలు విరిచిన. ఆ సందుకు సెల్లో టేపు అతికిస్తే మళ్ళ రికార్డ్ అయితదని యాదికొచ్చింది. తీసుకపోయిన."

"వీనిని స్టేషన్‌కు పంపుతుంటే చూస్తూ కూసున్నవ్ గదా బిడ్డా," అన్నాడు సత్తార్. తిట్టలేదు. అదే ఎక్కువ తగిలింది. శిరీష తల దించుకుంది.

ఆమెరే అందుకున్నాడు. "నాకు చెప్తే నేనే డిలీట్ చేస్తుంటి గదా శిరీషా. బేకార్‌ల పరేషాన్ అయినం."

జగపతి లేచాడు. కేసు శిరీష మీద రాయమన్నాడు. క్యాసెట్ తనదన్నాడు.

"రాస్త," అంది ఫిర్దౌస్. "క్యాసెట్ మీది. లోపలున్న గొంతు ఎవరిది? ఎవరినడిగి తెచ్చిన్రు? ఇరవై రెండేండ్లు ఎవరినడిగి అమ్ముకున్నరు? చెప్పున్రి. రెండు కేసులూ ఒక్క పెన్ను తోటే రాస్త."

జగపతి కూర్చున్నాడు. అడగకుండా తీసుకున్నవాడికి దొంగ అనే మాట ఎప్పుడూ ఎదుటివాడి మీదకే వస్తుంది. కంప్లయింట్ కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"మరి మా రాణి ఏం పెట్టి ఏడ్వాలె?" అని గొణిగాడు.

"మీ ఇంట్ల ఏడుపు పెట్టుకోన్రి సార్," అంది శిరీష. "అడిగి పెట్టుకోన్రి."

సత్తార్ డబ్బా మూత తీశాడు. ఆమెర్ మొదటి రొట్టె చింపి సగం శిరీష ముందు పెట్టాడు. ఆమె ఒక చేత్తోనే తీసుకుంది. రెండో చేయి క్యాసెట్‌ను వదల్లేదు.

ఫిర్దౌస్ టోపీ తీసుకుంది. పోతూ పోతూ టేబుల్ మీదున్న సెల్లో టేపు చుట్టను జేబులో వేసుకుంది.